అందరూ రాసిన పేరు

"ముప్ఫై మందికి ముప్ఫై చీటీలు ఇచ్చాను. ముప్ఫైలోనూ నీ పేరే పెద్దక్కా! ఏమంటావిప్పుడు?"

ఓనరు చీటీలన్నీ టేబుల్ మీద పరిచాడు. సంచులు కుట్టే ఆ కంపెనీలో మొట్టమొదటి మెషిను మీద కూర్చున్న మనిషి పెద్దక్క. మెషిన్లు పెరిగాయి, వాటితో పాటు పేచీలూ పెరిగాయి. అందుకని ఓనరు రెండ్రోజులు ఏదో క్లాసుకి వెళ్లొచ్చాడు. రాగానే తలా ఒక చీటీ చేతిలో పెట్టి, "ఇక్కడి వాతావరణం ఎవరి వల్ల పాడవుతోందో రాయండి. ఎక్కువ చీటీలు ఎవరికొస్తే వాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. ఎంత గొప్పగా నేర్చుకొచ్చాడో చూడండి!

పెద్దక్క నవ్వుతూనే వచ్చింది గదిలోకి. చీటీలు చూసి కూడా నవ్వింది.

"నవ్వుతావేం? సొంత మనిషి అనుకున్నాను. నా వెనకాల ఇంతమందిని ఏడిపించావా?"

"నిజంగానే పంపించేస్తారా బాబూ?"

ఆమె లేని హాలు ఎలా ఉంటుందో ఓనరు ఊహకి కూడా అందలేదు. కానీ అందరి ముందూ అన్న మాటాయె.

"మాటంటే మాటే. వెళ్లిపో" అన్నాడు. ఆ తర్వాత ఎంత కుమిలిపోతే ఏం లాభం? అనేశాడు.

పెద్దక్క మొహంలో నవ్వు పోయింది. మెడలోని కొలత టేపు తీసి, మడిచి, టేబుల్ మీద పెట్టింది.

"కిటికీ దగ్గరి మెషిను దారం తెంపుతోంది. ఎవరికైనా చూపించండి" అని వెళ్లిపోయింది.

కాసేపటికి ఓనరు హాల్లోకి వచ్చాడు. ఒక్క మెషినూ తిరగడం లేదు. అందరూ ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నారు.

"ఇక ఎవరికీ ఏ బాధా లేదు. హాయిగా పని చేసుకోండి" అన్నాడు.

జిప్పులు కుట్టే అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మీరే రాసి, మీరే ఏడిస్తే ఎలాగమ్మా?"

"మా అంతట మేం రాయలేదు సార్. ఒకరి పేరొకరు రాసుకుంటే రేపు మొహాలెలా చూసుకుంటారే, అందరూ నా పేరే రాసేయండి, నన్నయితే బాబు చచ్చినా పంపించడు, అని ఆవిడే దగ్గరుండి రాయించింది."