వియన్నాకు వెళ్లిన ఉత్తరం

"ఆ అమ్ముడుపోయినవాడి పేరు నా ముందెత్తకు!" ఎగాన్ కాఫీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టాడు.

బెర్లిన్ నుంచి పారిపోయి పారిస్‌లో తలదాచుకుంటున్న రచయిత అతను. నాజీలను పొగిడిన వ్యాసం కింద నిన్ననే తన ప్రాణమిత్రుడి పేరు చూశాడు. నాజీల గుప్పిట్లో పడ్డ వియన్నాలోనే ఉండిపోయిన కవి రూడి పేరు.

"నీకేమైనా పిచ్చా?" అంది ఎదురుగా కూర్చున్న తిల్దా. వియన్నా నుంచి ఆ పొద్దున్నే రైలు దిగిన నటి ఆమె. "వాడు రాయలేదు. వాడి పేరు వాళ్లే వేసుకున్నారు. పాపం, బయటపడే దారి వెతుక్కుంటున్నాడు. నువ్వు మాత్రం ఉత్తరం గిత్తరం రాసేవు! నీ సంతకమున్న కాగితం ఇంట్లో దొరికిందని మొన్న అక్కడ ఒకాయన్ని పట్టుకుపోయారు."

ఎగాన్ మొహం పాలిపోయింది. "రాసేశాను. ఇందాకే పోస్టు డబ్బాలో వేశాను."

టోపీ కూడా మరిచి పరుగెత్తాడు. పోస్ట్‌మాన్ అప్పుడే సంచీ మూతి కడుతున్నాడు.

"నా ఉత్తరం ఇచ్చెయ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"డబ్బాలో పడ్డాక నా చేతిలో లేదు మొస్యూ. పోస్టాఫీసుకెళ్లి, మీరెవరో కాగితం చూపించి తీసుకోండి."

"నా పాస్‌పోర్టు రద్దు చేశారయ్యా!"

"మరి అది మీ ఉత్తరమేనని ఎవరు చెప్పాలి? సంచీ వదలండి. పోలీసుని పిలవమంటారా?"

పోలీసు మాట వినగానే ఎగాన్ వేళ్లు వాటంతటవే విడిపోయాయి.

ఇక కాలు నిలిస్తే ఒట్టు. ప్రాగ్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు, తెలిసిన రచయితలందరికీ ఉత్తరాలు రాశాడు. "రూడి కబురేమైనా ఉందా?" ఎవరికీ తెలియదు. ఒకాయన మాత్రం "పట్టుకున్నారని విన్నాం" అని రాశాడు. ఆ రోజు ఎగాన్ గదిలో గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉన్నాడు.

మూడోవారం జూరిక్ ముద్రతో ఒక కవరు వచ్చింది. రూడి చేతిరాత! గుమ్మంలోనే నిలబడి చించాడు.

"ఎగాన్, నీ తిట్లు చదివి రెండురోజులు ముద్ద దిగలేదు. నన్ను నాజీల పెంపుడుకుక్క అంటావా? అయినా నీ చేతిరాత కదా, పారెయ్యలేక జేబులో పెట్టుకునే బయల్దేరాను. సరిహద్దులో రైలు దింపి వెతికారు. ఆ అధికారి నీ ఉత్తరం మొదటినుంచి చివర నీ సంతకందాకా చదివాడు. నా పని అయిపోయిందనుకున్నాను. 'ఆ దేశద్రోహి ఇంతలా తిట్టాడంటే తమరు మా మనిషే!' అని సెల్యూట్ కొట్టి, నా పెట్టె తనే మోసుకొచ్చి స్విస్ రైలెక్కించాడు."