సముద్రం పక్క గది

"ఇంక తొమ్మిది నిమిషాలే!" కల్పన ఫోన్ ఎత్తి చూపించింది. "గోకర్ణంలో ఒక్కటే గది మిగిలిండాది. పన్నెండు మంది చూస్తాండారంట. ఏమప్పా, ఔనంటావా, కాదంటావా?"

మంజునాథ్ స్వెటర్ చేతులు కిందికి లాక్కున్నాడు. పది గంటలైనా పెనుకొండ కొండ మీద పొగమంచు విడవలేదు.

"ఆ పక్కూర్లో బస్టాండు కాడ లాడ్జి చూసినా గదా. టీవీ ఉండాది. వేడినీళ్లు ఉండాయి."

"సముద్రం ఉండాదా?"

"ఆటోలో పోవల్ల. అర్ధగంట."

"బస్సెక్కి కూసుంటే హిందూపురం గూడా వస్తాది! నాకు తలుపు తీస్తానే సముద్రం కనపడల్ల."

ముప్పై ఆరేళ్లొచ్చినా కల్పన సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. కార్ల ఫ్యాక్టరీ బస్సు నడిపే మంజునాథ్‌కు రేపటి నుంచి నాలుగు రోజుల సెలవు. ఈ చలిలో అతని తల్లి ఉలిగమ్మ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నాలుగు రోజులు వెచ్చటి చోట ఉండి రమ్మన్నాడు డాక్టరు. మొగుడూ పెళ్లాం ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"అత్తా, నువ్వే చెప్పు."

వాకిట్లో ఎండ పడేచోట మంకీ క్యాప్‌తో కూర్చున్న ఉలిగమ్మ ఫొటోను దూరంగా పెట్టి చూసింది. పెంకుటిల్లు. కొబ్బరిచెట్లు. మెట్లు దిగితే ఇసుక.

"ఇల్లు బాగుండాది. ఇంటోళ్లు ఎట్లాంటోళ్లో?"

"అది ఇందులో రాయరత్తా."

"మనిషితో మాట్లాడకుండా పోయి ఎట్ల పండుకొనేది? ఫోన్ చెయ్."

ఏడు నిమిషాలు. కల్పన ఫొటోను పెద్దది చేసింది. గోడ మీది బోర్డులో నంబరుంది. మంజునాథ్ ఫోన్ నుంచి కలిపి, స్పీకర్ పెట్టి అత్త చేతికిచ్చింది.

"హేళి," అంది మగ గొంతు, చెప్పమన్నట్టు.

ఉలిగమ్మ కన్నడంలోనే అందుకుంది. మెట్లెన్ని, రాగిసంగటి వండుకోనిస్తారా, మంచం ఎంత ఎత్తు. అతను చెబుతూంటే మధ్యలో ఆపేసింది.

"ఏమబ్బా, నీ కన్నడం మా పక్కది మాదిరుండాది. యావూరు నీది?"

అవతల నుంచి గట్టిగా తెలుగు వినిపించింది. "రొద్దం పెద్దమ్మా! ఈడికొచ్చి ఇరవై ఏండ్లాయ. నా పేరు బాలప్ప."

"రొద్దమా! మేము పెనుకొండ. మీ ఇంటి దేవర ఎవరప్పా?"

"అత్తా, టైము!" కల్పన అయిదు వేళ్లు చూపించింది.

"చౌడమ్మ పెద్దమ్మా."

"మాదీ చౌడమ్మే! అట్లయితే మనం అన్నదమ్ములోళ్లం గదప్పా! రొద్దంలో లక్ష్మన్న తెలుసునా?"

"మా చిన్నాయనే!"

మంజునాథ్ కళ్లు మెరిశాయి. భార్య చెవిలో చెప్పాడు. "లాడ్జి వద్దులే. నొక్కు!"

కల్పన నొక్కింది. రెండు నిమిషాలు. వివరాలు నింపింది. నిమిషమున్నర.

"ఓటీపీ! నీ ఫోన్‌కొచ్చిండాది!"

ఆ ఫోన్ ఉలిగమ్మ చెంపకు అతుక్కుపోయి ఉంది. మంజునాథ్ చెయ్యి చాపాడు. చేతి మీద ఒక్కటి పడింది. "పెద్దోళ్లు మాట్లాడుతాంటే ఏం తొందర్రా?"

లక్ష్మన్న చిన్నకూతురి పెళ్లి యాడ చేసినారో తేలేదాకా ఆమె ఫోన్ వదిలేలా లేదు. మంజునాథ్ నేల మీద బోర్లా పడి, మెడ వంచి, కింది నుంచి తొంగి చూశాడు.

"నాలుగు... ఎనిమిది... అమ్మా, కదలద్దు! సున్నా... మూడు!"

ఇరవై సెకన్లు. పది. ఫోన్ టింగుమంది.

"అయిపాయ! గది మనదే!" కల్పన అత్తను వెనక నుంచి వాటేసుకుంది. మంకీ క్యాప్ కళ్ల మీదికి జారింది.

ఉలిగమ్మ దాన్ని సర్దుకుంటూనే మాట ముగించింది. "ఉంటానప్పా. పిల్లాజెల్లను తోలుకోని ఒకతూరి మా ఇంటికి రాండి. పది దినాలుండి పోదురు." ఫోన్ పెట్టే ముందు ఈ పక్క ఎవరైనా అనే మాటే.

కల్పన అటక మీది బ్యాగు దించింది. మంజునాథ్ ఈల వేస్తూ దులిపాడు.

"నన్ను ఆ నీళ్లలోకి దింపల్లంటే చెరొక చెయ్యీ పట్టుకోవల్ల," అంది ఉలిగమ్మ.

"ఎత్తుకోని దింపుతా అత్తా!"

చీరలు సగం సర్దేసరికి ఫోన్ మోగింది. బాలప్ప. ఉలిగమ్మ స్పీకర్ నొక్కింది.

"పెద్దమ్మా! ఇరవై ఏండ్లలో మన పక్కనుంచి ఇంటికి రమ్మని పిలిచింది నువ్వొక్కదానివే. ఇంట్లో చెప్తానే పిల్లోళ్లు ఒకటే గంతులు. పదకొండు మందిమి. వ్యాన్ మాట్లాడేసినా. రేప్పొద్దున్నే మీ వాకిట్లో ఉంటాం!"

కల్పన చేతిలో చీర నిలిచిపోయింది. "అయ్యో... మరి మా గది?"

"నువ్వేం బెంగ పడొద్దు వదినా," బాలప్ప హుషారుగా అన్నాడు. "ఆ పది దినాలూ ఈడ ఇంటికి తాళమే గదా, మీ బుకింగు అప్పుడే క్యాన్సిల్ చేసేసినా!"