దండోరా లేని హుకుం

డప్పు చప్పుడు వినగానే శామీర్‌పేట బండ్ల అడ్డా మీద మాటలు ఆగిపోయాయి.

"వచ్చిండు, సావు కబురు సల్లగ చెప్పెటోడు" అన్నాడు పర్వతాలు, ఎద్దు మెడ నిమురుతూ.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. సరిహద్దుల్లో సరుకు ఆగిపోయి నిజాం రాజ్యంలో ఉప్పు బంగారమైంది. మేడ్చల్ స్టేషన్‌లో ఎప్పుడో ఒక రైలు ఉప్పు బస్తాలు దింపితే బండ్లవాళ్లు ఎగబడి ఎత్తుకోవాలి. ఎత్తుకున్నా ఊరు చేరుతామన్న నమ్మకం లేదు. దారిలో సుంకం నాకా ఉంది.

అక్కడ పొద్దునొక హుకుం, మాపటికొకటి. మొన్న సుంకం కడితే చాలన్నారు. నిన్న అనుమతి చిట్టీ కూడా ఉండాలన్నారు.

ఆ హుకుములన్నీ ఈ డప్పు మనిషి నోటి నుంచే ఊరికి తెలిసేవి. అతని పేరెవరూ అడగలేదు. సర్కారు మనిషికి పేరెందుకు?

అతని డప్పు కూడా అదోరకం. మేకతోలు డప్పులా కణకణ మోగదు. మొద్దుగా, గుండె మీద గుద్దినట్టు మోగుతుంది. అది వింటే చాలు, పిల్లలు ఇళ్లలోకి ఉరికేవారు.

దండోరా వేశాక గడపగడపకూ తిరిగి గింజలడగడం ఆనవాయితీ. ఇతను ఏనాడూ చెయ్యి చాచలేదు.

"సర్కారు కూడు మస్తుగ దొరుకుతాంది, మన గింజలెందుకు?" అని ఊరు నవ్వుకునేది.

ఆ పొద్దున అతను పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు. ఊపిరి అందడం లేదు.

"ఇనుండ్రి! పాత చిట్టీలు ఇయ్యాల్టి సంది చెల్లయి! ఎవ్వలు ఉప్పెత్తకుండ్రి! నాకా కాడ బండ్లు, ఎడ్లు జప్తు జేస్తుండ్రు!"

పర్వతాలుకు ఒళ్లు మండిపోయింది. ఆ చిట్టీ కోసం నిన్నంతా తాసీలు కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. పెళ్లాం కడియాలమ్మి కొన్న ఎడ్లు పని లేక నెమరు వేస్తున్నాయి.

"చిట్టీ కావాలని నిన్న నువ్వే గదా మొత్తుకుంటివి?"

"నిన్న గట్లుండె తమ్మీ. ఇయ్యాల మార్చిండ్రు."

"మార్చిండ్రా, నువ్వే మారుస్తున్నవా?"

"నా చేతుల ఏమున్నది?"

"నీ చేతుల గీ డప్పున్నది!"

ముల్లుగర్ర ఎత్తి ఒక్క పోటు పొడిచాడు పర్వతాలు. తోలు చిరిగిన చప్పుడుకు ఎడ్లు బెదిరి వెనక్కి జరిగాయి.

డప్పు మనిషి తిట్టలేదు. చిరిగిన చోటును అరచేత్తో నిమిరాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డప్పు పోతే పోయింది. ఎడ్లు పైలం తమ్మీ" అన్నాడు.

వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

బండ్లవాళ్లలో పెద్ద, మొగులయ్య, పకపకా నవ్వాడు.

"డప్పు మోగంది హుకుం ఎట్లైతదిరా? ఇగ దాని నోరు పడ్డది. నువ్వు ముందుగాల నడువు, నేను ఎనకొస్త."

పెద్దల మాట చద్దిమూట కదా! పర్వతాలు బండి కట్టాడు.

భార్య కమలాబాయి ఎదురొచ్చింది.

"ఆయన మొగం జూస్తే అబద్ధమాడెటోని లెక్క లేడు. ఇయ్యాలొక్క దినం ఆగరాదుండ్రి."

"ఉప్పు లేని జొన్నగట్క పిల్లలకు ఎన్ని దినాలు వోస్తవ్?"

ఆమె ఎడ్ల గంగడోళ్లు నిమిరి పక్కకు తప్పుకుంది.

మేడ్చల్ స్టేషన్ బోసిగా ఉంది. ఏ ఊరి బండీ రాలేదు, వెనకొస్తానన్న మొగులయ్యదీ లేదు. ఒక్క బస్తా దొరికితే గొప్ప అనుకున్న పర్వతాలుకు బండినిండా దొరికింది. అప్పుడైనా అనుమానం రావలసింది. అదృష్టం అనుకున్నాడు.

నాకా దగ్గర గేటు అడగకుండానే తెరిచారు. బండి లోపలికి వెళ్లగానే వెనక మూశారు.

జవాను చిట్టీ చదవను కూడా చదవలేదు. రెండు ముక్కలు చేసి గాలికి వదిలాడు.

"బండి జప్తు. ఎడ్లు జప్తు."

పర్వతాలు కాళ్లావేళ్లా పడ్డాడు. జవాన్లే కాడి దించి ఎడ్లను కొట్టంలో కట్టేశారు. ఆవరణ నిండా ఎడ్లు లేని బండ్లు నొగలు నేలకానించి పడి ఉన్నాయి. కొట్టంలో ఉన్న ఎడ్లకు డొక్కలు లోపలికి పోయాయి. ఒక్కటీ తల ఎత్తలేదు.

కొట్టం కావలివాడు బక్కయ్య మూలకు కూర్చుని ఉన్నాడు.

"తాతా, గీటికి గడ్డేది?"

"జప్తు జెయ్యుమని హుకుం వచ్చింది. గడ్డెయ్యుమని రాలే."

పర్వతాలు గేటు వైపు తిరిగి అరిచాడు.

"గిదేం అన్యాలం? దండోరా ఎయ్యకుంటె మాకెట్ల ఎరుకైతది?"

"దండోరానా?" బక్కయ్య వింతగా చూశాడు. "గది బందై ఏడాది దాటె. కాయిదం గా గోడకు అంటిస్తరు, గంతే."

"మరి మా ఊరికి డప్పు గొట్టుకుంట వస్తడు గదా, సర్కారు మనిషి?"

"జక్కయ్యనా? ఆయన సర్కారు మనిషేంది బిడ్డా! సూరారం ఊరి బండి తోలెటాయన. పొద్దుగాల్నే వచ్చి, జవాన్ల గదువ పట్టుకొని బతిలాడి గా కాయిదం సదివించుకుంటడు. ఇగ ఊరూరికి ఉరుకుతడు. ఆయన మాట ఇన్నోళ్లెవ్వరు గీ గేటు లోపటికి రాలే."

పర్వతాలు చేతిలోని ముల్లుగర్రను నేల మీద పెట్టాడు.

"ఆయనకెందుకు తాతా గీ పని?"

బక్కయ్య పర్వతాలు ఎడ్లను కట్టేసిన గుంజ వైపు చూపించాడు.

"ఎవ్వలు చెప్పక, ఎరుక లేక, మొట్టమొదలు గీడ జిక్కినయ్ ఆయన ఎడ్లే. గా గుంజకే ఆకలితోని రెండూ కూలినయ్. ఒకదాని తోలన్న ఇయ్యుండ్రి అని ఏడ్సుకుంట అడుక్కపోయి, గా డప్పు కట్టుకున్నడు."