నాలుగో చాప్టర్

“ఇంకొంచెం పప్పు వెయ్యమ్మాయ్,” అని విస్తరి ముందుకు జరిపి, ప్రొఫెసర్ బసవపున్నయ్య మళ్లీ జైరాం వైపు తిరిగాడు. “నువ్వెన్నిసార్లు రాసినా నీ నాలుగో చాప్టర్ ఇంతేనయ్యా. నాణ్యత లేదు.”

జైరాం భార్య లాలి పప్పు వేసింది. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు సారపాక కాగితం మిల్లు క్వార్టర్లన్నింటికీ వినిపించే ఉంటుంది. జైరాం తలెత్తలేదు.

బసవపున్నయ్య అతనికి పీహెచ్‌డీ గైడు. ఏటా భద్రాచలం దర్శనానికి సకుటుంబంగా వస్తాడు. బస, జీపు, భోజనం జైరామే చూడాలి. ఈసారి కూడా కుటుంబాన్ని ఆ జీపులో పర్ణశాలకు పంపి, తను భోజనానికి ఆగాడు. ఇంజనీరింగులో డాక్టరేటుకు యూనివర్సిటీ పెట్టిన నిబంధనల్లో ఇవేవీ లేవు.

ఉన్నవన్నీ జైరాం ఎప్పుడో పూర్తి చేశాడు. మిల్లులో ఉద్యోగం చేస్తూనే కోర్సు పేపర్లు రాశాడు. కాంప్రహెన్సివ్ పరీక్ష గట్టెక్కాడు. వెదురు గుజ్జు మీద అంతకుముందు వచ్చిన థీసిస్‌లన్నీ గైడుదితో సహా లైబ్రరీలో వెతికి, జిరాక్సులు తీయించుకుని చదివాడు. జర్నళ్లలో రెండు పేపర్లు అచ్చు వేయించాడు. రెండింటి మీదా ముందు పేరు బసవపున్నయ్యదే. సెమినార్ కూడా అయింది. మిగిలింది ఒక్కటే. ‘ఈ పరిశోధన అభ్యర్థి స్వయంగా చేసినదే’ అని గైడు సంతకం పెట్టాలి.

ఆ సంతకం ఈ నెలాఖరులోగా పడకపోతే ఏడేళ్ల గడువు తీరి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది.

“కోటాలో ఉద్యోగం దొరికినంత సులువుగా డాక్టరేటు దొరకదయ్యా,” అన్నాడు బసవపున్నయ్య, పెరుగన్నం కలుపుకుంటూ.

జైరాం చెవులు ఎర్రబడ్డాయి. లాలి చేతిలో మజ్జిగ చెంబు ఒక్క క్షణం ఆ బట్టతల మీదుగా ఆగి, తర్వాత గ్లాసులోకి వంగింది.

ఆయన చెయ్యి కడుక్కుని పడక్కుర్చీలో వాలగానే ఆమె టైపు చేసిన నాలుగో చాప్టర్ కట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది. ఖమ్మంలో బీఎస్సీ చదివిన మనిషి. థీసిస్ మొత్తం టైపు కొట్టింది ఆమే.

“అయిదుసార్లు వాపస్ పంపిన్రు సార్. ఒక్క పేజీల కూడా పెన్ను గీత లేదు. ఈసారి జర మా ముందటనే చదవున్రి.”

“అంటే? నేను చదవడం లేదనా?”

“అయ్యో, గట్లెందుకంట సార్! మీరు చదువుతుంటే చూసి నేర్చుకుందామని.”

జైరాం ఆమెను గుడ్లురిమి చూశాడు. బసవపున్నయ్య పౌరుషంగా కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీశాడు. పది పేజీలు తిరిగేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఏమిటయ్యా ఇది? వెదురును పచ్చి బరువు మీద లెక్కేశావా? ఎండబెట్టకుండానే?”

“లేదు సార్! ఎండబెట్టిన బరువే తీసుకున్న.”

“మరి ఇదేమిటి? ఈ పట్టిక చూడు! వానాకాలం కొట్టిన వెదురు, ఎండాకాలం కొట్టిన వెదురు ఒకే వరసలో! గుజ్జు లెక్క మొత్తం తప్పు!”

జైరాం లేచి నిలబడ్డాడు. “మా నాయన బిచ్యా ములకలపల్లి అడివిల వెదురు కొట్టి నన్ను సాదిండు సార్. పచ్చి బొంగుల సగం నీళ్లేనని నాకు బడికి పోకముందే ఎరుక. నేనెట్ల రాస్త గట్ల?”

“రాశావుగా! కళ్లెదుట ఉంటే!”

జైరాం గిర్రున భార్య వైపు తిరిగాడు. ఈసారి అతను డ్యూటీ నుంచి వచ్చేసరికే కట్ట కుట్టి సిద్ధంగా ఉంది. తిరగేసే తీరిక దొరకలేదు.

“ఏం కొట్టినవే నువ్వు? ఏడేండ్లు! నా ఏడేండ్లు గోదాట్ల కలిపినవ్ గదనే!”

“ఉన్నది ఉన్నట్టే కొట్టిన,” అంది లాలి. “ఒక్క అక్షరం అటిటు కాలే.”

“నోర్ముయ్!”

ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ వినపడలేదు. లాలి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, తల దించుకోలేదు.

“ఆవిణ్ణి అని ఏం లాభం?” అన్నాడు బసవపున్నయ్య. ఆయనకు భోజనం కంటే ఇదే బాగా అరిగినట్టుంది. “ఇది టైపు తప్పు కాదు, బుర్ర తప్పు. అడవిలో కట్టెలు కొట్టేవాడు కూడా నవ్వుతాడు. దీన్ని చూసి డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీకి తాళం వెయ్యాలి.”

“అంటే ఇది రాసినాయనకు డాక్టరేట్ ఇయ్యొద్దా సార్?”

“ఛస్తే ఇవ్వకూడదు.”

“పొరపాటున ఇస్తే?”

“వెనక్కి లాక్కోవాలి!”

“గా మాటే దీని మీద రాసియ్యున్రి సార్. మళ్ల మాకు ఆశ పుట్టకుండ ఉంటది.”

“లాలీ!” అని జైరాం అరిచాడు. అప్పటికే ఎర్ర పెన్ను కదులుతోంది. ‘ఇది రాసిన వ్యక్తి డాక్టరేటుకు ఏ విధంగానూ అర్హుడు కాడు.’ కింద తేదీ. పూర్తి పేరుతో సంతకం. ఆ ఇంట్లో ఒక కాగితం మీద ఏడేళ్లలో ఆ సంతకం పడటం అదే మొదటిసారి.

లాలి కట్ట అందుకుని, సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఇది మీరు రాసిన థీసిస్‌ల నాలుగో చాప్టర్ సార్.”