అన్నగారి బూటు

"ఆడపిల్లలకి సభ్యత్వం లేదమ్మా. మన మోటార్‌సైకిల్ క్లబ్బు చరిత్రలోనే లేదు," అన్నాడు ప్రెసిడెంటు, బూటులోకి బీరు ఒంపుతూ.

అమ్మాయికి ఒళ్ళు మండింది. "ఈ క్లబ్బు పెట్టింది మా నాన్న, బాబాయ్!"

"అందుకేగా నీకూ మీ అమ్మకీ ముందు వరసలో కుర్చీలేశాం!"

వార్షికోత్సవానికి వచ్చిన మగాళ్ళంతా గొల్లున నవ్వారు. గోడకి నాన్న ఫొటో. దాని కింద నిలబడ్డ ప్రెసిడెంటు చేతిలో ఆ పొడుగాటి నల్ల రబ్బరు బూటు. కొత్తగా చేరేవాడెవడైనా అందులో బీరు తాగి తీరాలి, మూతి తుడుచుకోకూడదు. ఇదీ వీళ్ళ ఆచారం! ఏనాడూ కడిగిన పాపాన పోలేదు. లోపల పాచి పట్టి, ముక్కుపుటాలు అదిరేలా కంపు కొడుతోంది. అమ్మాయి ముఖం పక్కకి తిప్పుకుంది. అయినా నాన్నది కదా, కళ్ళు మూసుకుని తాగేద్దామనే వచ్చింది. నాన్న వెనకాల కూర్చుని తిరిగిన దారుల్లో, ఆయన క్లబ్బు జెండా కట్టుకుని తనూ బండి నడపాలని ఆమె ఆశ.

ప్రెసిడెంటు గొంతు సవరించుకుని చరిత్ర అందుకున్నాడు. "జోరువానలో అన్నగారు ఈ బూట్లతోనే కొండ దిగి పందెం గెలిచారు. ఆయన పోయిననాడు వాళ్ళ గుమ్మంలోంచి నా చేతులతో నేనే తెచ్చాను దీన్ని. ఇప్పటికీ చుక్క కారదు, చూడండి!" అంటూ ఎత్తి గటగటా తాగాడు. గడ్డం నిండా నురగతో బ్రేవుమని త్రేన్చాడు.

అమ్మాయి ఉండబట్టలేక లేచి బూటు అందుకోబోయింది. ప్రెసిడెంటు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"తాకకు! ఆడగాలి సోకని బూటు ఇది. మైలపడిపోదూ!"

ఛీ, ఇలాంటివాళ్ళ మధ్యనా నాన్న తిరిగింది అనిపించింది. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదమ్మా, పోదాం."

తల్లి కదల్లేదు. పశువుల్ని మేపుకుని కూతుర్ని పెంచిన మనిషి. ఇంతసేపూ ముక్కుకి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు తీసి, బూటుని పరకాయించి చూసింది.

"ఏమయ్యా, ఆవేళ పరామర్శకని వచ్చి, చెప్పా పెట్టకుండా ఎత్తుకుపోయింది దీన్నేనా?"

"దీన్నే వదినా! గుండెలకి హత్తుకుని మరీ తెచ్చాను."

"మీ అన్నగారి బూట్లు ఆయన కాళ్ళకే ఉండి ఆయనతోనే పోయాయి," అందావిడ నెమ్మదిగా. "అది నాది. కొట్టంలో పేడ ఎత్తేటప్పుడు వేసుకునేదాన్ని."