ముందు వరస పెత్తనం

"నేను బడికి పోను" అంటూ పాప గుంజను కరుచుకుంది.

తల్లి నాగక్క పక్కన చతికిలబడింది. సర్కారువాళ్ల బోర్డు బడి ఆరు మైళ్ల దూరం. పీర్ బాషా అయ్యవారు తన ఇంటి పంచలోనే బడి పెట్టి మూడు నెలలయింది. తనకు రాని అక్షరం కూతురికైనా రావాలని నాగక్క పట్టు. "ఆడపిల్లకు బడేంది?" అని అత్త మొదటిరోజే మూతి తిప్పింది.

"ఎవరన్నా కొట్టినారా?"

"కొట్టల్యా. ఒగతి ముందు వరసలో కూచుంటాది. బలపం కింద పడితే మేమే తీసియ్యల్ల. మా బెల్లం పెరుక్కుంటాది. శనగలు మాత్రం మాకే ఇడుస్తాది. అయ్యవారు చెప్పిందంతా మాతో మళ్లా పదిసార్లు చెప్పిస్తాది."

"ఎవరి బిడ్డే అది?"

"చెప్పను. ఒట్టు ఏయించుకుండాది."

"పేరన్నా చెప్పు."

"నా పేరే."

పాప పేరు ఉరుకుందమ్మ. ఆ ఊళ్లో ఆ పేరుగలవాళ్లు వీధికి ఇద్దరు. ఎవరని వెతికేది?

అత్తతో చెప్పింది. అత్త తల ఎత్తలేదు.

"తోటి పిల్లలన్యాక ఓర్చుకోవల్ల."

కోడల్ని ఏనాడూ ఓర్చుకోని మనిషి! నాగక్కకు అనుమానం పుట్టింది. పాప చేత బడి మాన్పించాలని ఈమే ఎవరి పిల్లనో ఉసిగొల్పిందా? ఈ మధ్య పొద్దున్నే వెనక వీధి గురమ్మ ఇంట్లో వేరుశనగ కాయలొలవాలని పోతోంది. ఒలిచిన గింజ ఒక్కటీ ఇంటికి రాలేదు.

ఆ సాయంత్రం పాపను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏడవద్దు, తిట్టద్దు. నీ తోటి హుసేనమ్మ, గోపన్న, నువ్వు, బడిపిల్లలందరూ ఒక్కమాటగా చెప్పండి. 'అడిగితే ఇస్తాం, పెరుక్కుంటే ఇయ్యం' అనండి."

పాప ఆ మాట పలికి పలికి నేర్చుకుంది.

మర్నాడు నవ్వుతూ వచ్చింది. "అందరమూ అన్న్యాం మా! నోరు మూసుకుండాది."

ఆ పూట అత్త సంగటి ముట్టలేదు. ఏమని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది.

అనుమానం గట్టిపడింది. ఎత్తు పారలేదని కోపమన్నమాట!

తెల్లారి నాగక్క పాప వెనకే పోయి పంచ గోడ చాటున నక్కింది. అయ్యవారు హాజరు పిలుస్తున్నారు.

"చిన్న ఉరుకుందమ్మా!"

పాప పలికింది.

"పెద్ద ఉరుకుందమ్మా!"

ముందు వరసలో, మోకాలి మీద చెయ్యి ఆనించి, పలక చంకన పెట్టుకుని అత్త లేచింది.