పాతిక కిలోల గీత

“వలకి వాటా ఉంది. నాకు లేదేటి?”

సీతాలు అలా అడిగేసరికి, డబ్బు పంచుతున్న వరహాలు చెయ్యి ఆగిపోయింది.

ఫిషింగ్ హార్బర్‌లో వాటాల పద్ధతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. డీజిలూ ఐసూ ఖర్చులు పోగా మిగిలిందాంట్లో పడవకి ఒక వాటా, వలకి ఒక వాటా, వేటకెళ్లిన మనుషులకి తలా ఒకటి. పడవా వలా వరహాలువే. అంటే ఆ రెండు వాటాలూ అతని జేబులోకే. పడవకి జ్వరం రాదు, వలకి నడుం నొప్పి రాదు, వాటా మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఆ పడవ తెచ్చిన చేపల్ని సీతమ్మధార వీధుల్లో తిప్పి డబ్బు చేసుకొచ్చేది సీతాలు. చిరిగిన వల బాగుచేసేదీ ఆమే. పదహారేళ్లుగా ఆమెకి గుండుసున్నా.

“నీకేటి తక్కువైంది? నువ్వు మా మడిసివి కదా,” అన్నాడు వరహాలు.

“పక్క పడవోళ్లు సేపలమ్మిపెట్టే బయట మడిసికి కిలోకి పన్నెండు రూపాయలిత్తన్నారు. మీ మడిసినైన పాపానికి నాకు పైసా లేదా? ఇయ్యాల తేలాలి. తేలకపోతే గంప ఎత్తను.”

పెట్టెలో కానాగంత చేపల మీద ఐసు కరుగుతోంది.

“బావా, సేపలు పాడైపోతాయి. ఏదోటి తేల్చీ,” అన్నాడు వేటకెళ్లొచ్చిన నాగబాబు.

వరహాలు విసుక్కున్నాడు. “సరే, రోజుకి మూడొందలు తీసుకో. ఎన్ని కిలోలమ్మినా అంతే.”

గొడవ తీరిందని అందరూ అనుకున్నారు. సీతాలు మాత్రం వంగి ఇటికముక్క తీసింది. కంచరపాలెం బడిలో టెన్త్ పాసైన మనిషి మరి! జెట్టీ సిమెంటు మీద అడ్డంగా కిలోలు వేసింది, నిలువుగా రూపాయలు వేసింది. మూడొందల దగ్గర చదునుగా ఒక గీత లాగింది. కిలోకి పన్నెండు చొప్పున, సున్నా నుంచి పైకెక్కే గీత ఇంకోటి. పాతిక కిలోల దగ్గర రెండూ తగులుకున్నాయి.

“సూడు. పాతిక లోపైతే నీ మూడొందలే నాకు ఎక్కువ. పాతిక దాటితే కిలో లెక్కే ఎక్కువ. నిన్న నానమ్మింది ముప్పై అయిదు కిలోలు.”

పాతికకి కుడిపక్క, రెండు గీతల మధ్య జాగానంతా ఇటికతో ఎర్రగా రుద్దింది.

“ఇదంతా నా కట్టం. నీ జేబులోకి పోతంది.”

నాగబాబు ఈల వేశాడు. వరహాలు అతన్ని కొరకొరా చూశాడు.

“అయితే కిలో లెక్కే తీసుకో. పీడా పోద్ది.”

“తుపానొచ్చి పది కిలోలే పడితే? ఆ రోజు మూడొందలివ్వాల. రెంటిలో ఏది ఎక్కువైతే అది నాది.”

“రెండు పక్కలా నువ్వే గెలిత్తే ఎలాగ?”

“పదారేళ్లు రెండు పక్కలా నువ్వే గెలిసావు కదేటి?”

పెట్టెలోంచి కారిన ఐసు నీళ్లు వరహాలు కాళ్లు తడిపాయి. ముప్పై అయిదు పన్నెళ్ల నాలుగొందల ఇరవై లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంక అయిపోయిందా?” అన్నాడు ఉడుక్కుంటూ.

సీతాలు డబ్బు రొంటిన దోపుకుని గంప ఎత్తింది.

“ఇది సేపల లెక్కే. ఇంటికి రా, ఇన్నేళ్లూ నీకు వండిపెట్టినందుకూ, నీ ఇద్దరు పిల్లల్ని కని పెంచినందుకూ గోడ మీద ఇంకో గీత గీత్తాను, మొగుడా!”